మిగిలినదానికి కప్పు

రూతు వదినా,

ఎట్లున్నావు? నువ్వు పోయి ఆరు నెలలు నిండాయి. ఎండాకాలంలో పోయావు. ఇప్పుడు పొద్దునపూట చలికి గొంగడి తీయబుద్ధి కావడం లేదు. నేను బాగానే ఉన్నానని రాద్దామని కూర్చున్నాను గానీ, నీ ముందు నా అబద్ధం ఎప్పుడు నిలబడింది కనుక...

నువ్వు నాకంటే పెద్దదానివి నాలుగు నెలలే. మేనత్త కూతురివని, ఆ నాలుగు నెలలకే వదినా అని పిలిపించుకున్నావు, నన్ను పిల్లా పిల్లా అన్నావు. మొన్న కూర్చుని లెక్కేసుకుంటే భయమేసింది. నీ వయసు అక్కడే ఆగిపోయింది, నాది దాటిపోయింది. ఇప్పుడు నేనే పెద్దదాన్ని. మరి నిన్నేమని పిలవాలి?

సరే, వదినా అనే పిలుస్తాను. ఇంత వయసొచ్చాక అలవాటు మార్చుకోలేను.

కాలేజీలు మళ్ళీ తెరిచారు. గోడల మీద మనవాళ్ళు రాసిన జై తెలంగాణ నినాదాలకు సగం సున్నం కొట్టారు, సగం అట్లాగే వదిలేశారు. సమ్మెలో ఆగిపోయిన హాకీ ఫైనల్, అదే, మీ కాలేజీకీ మా కాలేజీకీ జరగాల్సింది, వచ్చే శనివారం పెడుతున్నారు. బెస్ట్ ప్లేయర్ కప్పు కూడా ఆ రోజే ఇస్తారట. మా డ్రిల్ టీచరమ్మ బస్సెక్కి మొయినాబాద్‌లో మా ఇంటిదాకా వచ్చి చెప్పింది.

కప్పుకు ముగ్గురి పేర్లు అనుకున్నారు కదా. నువ్వు, నేను, గోల్ కాసే వసుంధర. నువ్వు ఆమె కోస్తా మాటను ఎక్కిరించేదానివి, ఆమె నీ మాటను ఎక్కిరించేది, ఆట అయ్యాక ఇద్దరూ ఒకే సోడా పంచుకునేవాళ్ళు. వాళ్ళ నాన్న సర్కారు ఆఫీసరు. గొడవలు ముదిరాక సామాన్లు కట్టుకుని గుంటూరు వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదట. చెబితే స్టేషన్‌కు వెళ్ళేవాళ్ళం కదా అని నొచ్చుకున్నాను. నిజంగా వెళ్ళేవాళ్ళమా వదినా, ఆ రోజుల్లో? ఏమో...

అట్లా ఒకరు కోస్తాకు పోయారు, ఒకరు మట్టిలోకి పోయారు. మిగిలింది నేను. ఈసారి కప్పు నీదేలే అని మొదలుపెట్టిన టీచరమ్మ, గోడకున్న మనిద్దరి ఫోటో చూసి మధ్యలోనే ఆపేసింది. చాయ్ కూడా తాగకుండా లేచింది. మంచిగా ఆడినందుకు కప్పు ఇస్తారనుకున్నాను గానీ మిగిలినందుకు ఇస్తారనుకోలేదు.

నీ పేరు మీద ఇవ్వమని అడిగాను. ఫైనల్ ఆడినవాళ్ళకే ఇవ్వాలట, అది రూలట. ఆట ముందు నీ కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడతామన్నారు. నువ్వు రెండు నిమిషాలు మౌనంగా ఉండడం నేనైతే ఏనాడూ చూడలేదు.

ఆలూరులో మీ కల్లం గుర్తుందా? ఏం ప్రశ్న నాది... కాలేజీలు మూతపడి మనం ఇళ్ళకు వచ్చిన రోజుల్లో జొన్నలన్నీ ఇంటికి చేరి కల్లం ఖాళీ అయింది. పేడతో అలికి, నూర్పిళ్ళకు ఎడ్లు తొక్కి గట్టిపడ్డ నేల. పట్నంలో ఏ గ్రౌండూ అంత సాపుగా లేదని తేల్చావు. పొద్దున్నుంచి అక్కడే బుల్లీలు. మధ్యలో బంతి, చెరోపక్క మనం. ముందు నేలను తట్టాలి, తర్వాత ఎదుటిమనిషి కర్రను తట్టాలి, అట్లా మూడుసార్లు, ఆ తర్వాత బంతి ఎవరు లాక్కుంటే వాళ్ళది. మూడో తట్టు నా చెవికి వినపడేలోపే బంతి నీ దగ్గర ఉండేది. ప్రతిసారీ. నీ మణికట్టు ఎటు తిరిగేదో నాకిప్పటికీ తెలియదు.

“కండ్లు బంతి మీద కాదు పిల్లా, నా చేతి మీద పెట్టు” అనేదానివి. చేతి మీద పెట్టినా ఓడిపోయాను. ఒకసారి ఏడుపు ఆపుకోలేక, ఒక్కటన్నా వదిలేయొచ్చు కదా అన్నాను. నీకు ఎంత కోపం వచ్చిందో! “ఇడిసిపెట్టి గెలిపిస్త అనుకోకు. రేపు నువ్వు ఇడిసిపెట్టినా నేను తీస్కోను” అన్నావు. ఆ పూట నాతో కలిసి అన్నం కూడా తినలేదు.

ఆ తర్వాత నేను మొయినాబాద్ తిరిగొచ్చాకే కదా నీకు కడుపునొప్పి మొదలైంది.

మీ బండి తెల్లారగట్ల మా ఇంటి ముందు ఆగింది. బస్సులు లేవని మామ రాత్రంతా తోలుకొచ్చాడు. గడ్డి మీద ముడుచుకుని పడుకున్నావు, తల అత్త ఒడిలో ఉంది. నేనూ ఎక్కాను. హిమాయత్‌నగర్ ఊరి దారి కలిసే చోట రోడ్డుకు అడ్డంగా తుమ్మచెట్టు నరికి పడేశారు. మామ చేతులు జోడించబోయాడు. ఆ అవసరమే రాలేదు, నిన్ను చూడగానే అక్కడున్న పోరగాళ్ళే పరుగెత్తుకొచ్చి చెట్టు ఈడ్చారు. ముళ్ళు గుచ్చుకుని ఒకతని చేయంతా నెత్తురైంది. నేను పళ్ళు కొరుకుతుంటే నా కొంగు లాగి అన్నావు చూడు, “వాళ్లను తిట్టకు పిల్లా. మనం గూడ రాళ్లు మోసినోళ్లమే.” నువ్వు నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

పట్నం దవాఖానలో డాక్టరు ఉన్నాడు. వెంటనే చూశాడు. లోపల పేగు పగిలింది, జర ముందు తేవాల్సింది అన్నాడు. ఆపరేషన్ చేశారు. రెండోరోజు పోయావు.

నేనెవరి మీద కోపం తెచ్చుకోవాలి వదినా? బస్సులు లేవు, కానీ ఆపమన్నవాళ్ళలో మనమూ ఉన్నాం. చెట్టు అడ్డమొచ్చింది, కానీ వేసినవాళ్ళే తీశారు. ఎడ్లు నురగలు కక్కుతూ నడిచాయి. అందరూ చేయాల్సింది చేశారు. అయినా నువ్వు పోయావు. తిట్టుకోవడానికి ఒక్క మనిషి దొరికినా కొంత నిద్ర పట్టేదేమో...

నాకు నాయనమ్మ, నీకు అమ్మమ్మ, ఆమెకు మాత్రం దొరికింది. హాకీయే నిన్ను మింగిందట. ఆడపిల్ల అట్లా ఎగిరి ఉరికితే కడుపులో పేగులు తెగవా అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది. నా కాన్వాసు బూట్లు జొన్నల గుమ్మిలో దాచింది. ఫైనల్ ఆడితే తిండి మానేస్తానంది. బాపు ఆమెకూ చెప్పలేడు, నాకూ చెప్పలేడు, బైబిలు తెరిచి కూర్చుంటాడు. పేజీ మాత్రం తిప్పడు.

నేనూ ఆడొద్దనే అనుకున్నాను. నువ్వు లేని ఫైనల్ నాకెందుకు?

మొన్న సమాధుల పండుగకు ఆలూరు వచ్చాం. నీకు సున్నం వేశాం, బంతిపూలు పెట్టాం, కొవ్వొత్తులు వెలిగించాం. గాలికి ఒకటి ఆరితే ఒకటి వెలిగిస్తూ కూర్చున్నాను. పాస్టరుగారు ప్రార్థన ముగించారో లేదో, నాయనమ్మ మళ్ళీ హాకీని శపించడం మొదలుపెట్టింది. ఆరు నెలలుగా పెదవి విప్పని అత్త అప్పుడు మాట్లాడింది. గొంతు కూడా పెంచలేదు. నొప్పి మొదలైన రెండు రోజులదాకా నువ్వు ఇంట్లో ఎవరికీ చెప్పలేదట. మూడోరోజు తెలిసి, ముందే ఎందుకు చెప్పలేదే అని అత్త అడిగితే, “అమ్మమ్మకు తెలిస్తే హాకీ వల్లనే అంటది. ఆట బంద్ జేపిస్తరు” అన్నావట.

నాయనమ్మ నీ సమాధి పక్కనే కూలబడిపోయింది. నాకామె మీద కోపం రావాల్సింది. రాలేదు వదినా. ముసలిది, నీకు జడలు వేసి పెంచిన మనిషి. ఆమెను చూసినా జాలే, అత్తను చూసినా జాలే. నా మీద నాకే ఎక్కువ జాలి.

నీ హాకీ కర్ర అడిగి తెచ్చుకుందామని వచ్చాను, దానితో ఆడదామని. ఇంట్లో ఎక్కడా కనపడలేదు. పెరట్లోకి వెళ్తే, చిక్కుడు పాదుకు ఊతగా పాతి ఉంది. పొయ్యిలో పెట్టమని నాయనమ్మ పోరు పెడితే, కాల్చలేక, కళ్ళెదుట ఉంచుకోలేక అత్త అక్కడ పాతిందట. తీగ దాన్ని పైదాకా చుట్టుకుని పూత మీదుంది. ఎట్లా పీకను? అడగకుండానే వచ్చేశాను.

మరుసటి రోజు పొద్దున లేచేసరికి నా బూట్లు గడప దగ్గర ఉన్నాయి. లోపల ఇంకా జొన్నలున్నాయి. దులుపుకుని తొడుక్కున్నాను.

కాబట్టి ఆడుతున్నాను. ఆడకపోతే నిన్ను హాకీయే చంపిందన్న మాట ఊళ్ళో నిజమై కూర్చుంటుంది.

శనివారం బుల్లీకి మీ కాలేజీ తరఫున నా ఎదురుగా కొత్తపిల్ల నిలబడుతుంది. ఆమె ప్రాక్టీసు చూసి వచ్చాను. పాపం, కళ్ళు బంతి మీదే పెడుతుంది, అచ్చం నాలాగే. నేలను తడతాను, ఆమె కర్రను తడతాను, మూడోది తట్టేసరికి బంతి నా దగ్గర ఉంటుంది. మొదటి బంతి మీవాళ్ళకే వదిలేద్దామా అని ఎంతగా అనిపించిందో. కానీ నువ్వు తీసుకోవు కదా... వదలను. మాట ఇస్తున్నాను, ఒక్కటి కూడా వదలను.

నేను గెలుస్తాను వదినా. బుల్లీ గెలుస్తాను, కప్పు కూడా నాకే ఇస్తారు. దాన్ని ఆలూరు తెచ్చి అత్తకు చూపించాలో, ఎక్కడన్నా దాచాలో తెలియడం లేదు. ఎవరిని అడగను? ఇట్లాంటివన్నీ నిన్నే అడిగేదాన్ని.

ఇట్లు,
నీ మీద ఒక్క బుల్లీ కూడా గెలవని
నీ మరదలు
కరుణ