పిట్టలు చూసెటోని ఫోటువ

వినాయక చవితి తెల్లారి, 1964

బిడ్డా లింగమూర్తీ,

నూరేండ్లు సల్లగుండు. దీవెన ముందుగాల్నే రాసిపెడుతున్న, ఎందుకంటె ఎనుక రాసేదాంట్ల నీ మీద కోపం ఉన్నది. నేను చంద్రవ్వను, నీ దోస్తు ముత్యం తల్లిని. చేతిరాత చూసి ఎవలో అనుకునేవు. ముత్యం బెల్లంపల్లిల బొగ్గుబాయి ఆఫీసుకు హాజరు రాసే నౌకరీకి పోయినప్పుడు, వాని కార్డులు నేను ఊళ్లె ఎవలతోనో చదివిచ్చుకునుడు వానికి ఇష్టం లేకుండె. అందుకని వాడే నాకు నేర్పిండు. ఒత్తులు కొన్ని ఇంక రావు. నువ్వే సదురుకొని చదువు.

మేం మంచిగనే ఉన్నం. మక్కచేను కంకి పట్టింది. ముత్యం నాయినకు, మీ కాకకు, మోకాళ్లు నొస్తున్నయి, అయినా చేనుకు పోతుండు. పోయిన నెల ముత్యం సంవత్సరీకం అయిపోయింది. నువ్వు రాలే. వానలల్ల జగిత్యాలల స్టూడియో ఇడిసి వచ్చుడు కష్టమే, దానికి నేనేమనను. నేను రాసేది ఆ ఫోటువ గురించి.

వాడు పోయిన్నాడు నువ్వు ఈడనే ఉన్నవు. "ఇంట్ల పోరనిది ఒక్క ఫోటువన్న లేదు, జర తియ్యి బిడ్డా" అని మీ కాకనే నిన్ను అడిగిండు. కుర్చీల కూసోపెట్టి, దవడకు కట్టిన గుడ్డ ఇప్పి, గోడకు ఆనిచ్చి తీసినవు. నేను వద్దనలే. అప్పుడు నాకు సోయి లేదు. నెల దాటినంక అద్దం కట్టిచ్చి పంపినవు. చూస్తె దాంట్ల వానికి నల్లకోటు ఉన్నది, మెడల టై ఉన్నది. మూసిన కండ్ల మీద తెరిసిన కండ్లు గీసినవు.

పక్కింటి పోశవ్వ చూసి, "అబ్బ, తాసీల్దారు లెక్క ఉన్నడే నీ కొడుకు" అన్నది. పాపం మంచికే అన్నది. నేను మాత్రం ఆ అర్రల నుంచి బయటికి వచ్చిన.

వాని కండ్లు గట్లుండేటియా? వానెంబడి తిరిగినోనివి, నీకు తెల్వదా? ఏది చూసినా ఎండల చూసినట్టు చిన్నగ చేసుకొని చూసెటోడు. పప్పుల రాళ్లు ఏరుమన్నా గట్లనే చూసెటోడు. ఆఖరుకు కామెర్లతోని పచ్చగయినయి. నువ్వు గీసినయి తెల్లగ, పెద్దగ, ఎటు చూస్తున్నయో ఎరుకలేని కండ్లు. తప్పంటలేను. పని నేర్చినోనివి, నీకు చేతనైంది చేసినవు. కని ఇదివరకు నేను కండ్లు మూసుకుంటె ముత్యం వస్తుండె. సైకిలు దిగుకుంటనో, పెరట్ల ముఖం కడుక్కుంటనో వస్తుండె. ఇప్పుడు మూసుకుంటె కోటు వస్తున్నది. దినదినం వాని ముఖం ఇంతింత పోతున్నది, ఆ జాగల ఇది వచ్చి కూసుంటున్నది. ఇంకో ఏడాదయితె నాకు ఇదే మిగులుతది. నా పరేషాన్ గిదే, ఇంకేం లేదు.

దాన్ని గోడ మీదికెంచి తీస్తనంటె మీ కాక ఉన్నడాయె. పొద్దుగాల లేవంగనే దాని ముంగట చేతులు కట్టుకొని నిలవడి ఏదో మాట్లాడుతడు. నేను ఆ అర్రలకు పోను కాబట్టి ఏం మాట్లాడుతడో ఇనలే. కొడుకనుకొనే మాట్లాడుతుండు. అది తీసేస్తె ముసలాయన ఏమైతడో.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతున్న. ఏటేట వానకాలం ఎల్లినంక, దసరా సెలవుకు వాడు వస్తె మీరిద్దరు సైకిళ్లేసుకొని గోదారి ఒడ్డుకు, రాయపట్నం రేవు దిక్కు పోయెటోళ్లు. వాని మెడల డబ్బా కెమెరా, నీ మెడల దూర్బీను. మొదటి ఏడు ఊరోళ్లు పిట్టలను కొట్టుటానికి షికారుకు పోతున్నరనుకున్నరు. పోశవ్వ గిన్నె పట్టుకొని వచ్చి, "ఏం పడ్డయి బిడ్డా? బాతు పడితె నాకో తొడ ఇయ్యి" అన్నది. "మేం చూసుటానికే పోయినం పెద్దవ్వా" అన్నడు వాడు. "చూస్తె కడుపు నిండుతదా, పిచ్చి పోరడా" అని నవ్వుకుంట పోయింది. నేను గూడ నవ్విన.

వాని రేకుపెట్టె తీసి అన్ని ఫోటువలు చూసిన. ఇసుక, నీళ్లు, ధర్మపురి దిక్కు మబ్బులు, అవతలి ఒడ్డున ఆదిలాబాదు గుట్టలు. పిట్టలు ఆవగింజలంత ఉన్నయి. మన చేనుది ఒకటున్నది. అది తీసినప్పుడు నేను గట్టు మీదనే ఉంటి. "అవ్వా, జర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవు" అన్నడు. జరిగిన. దాంట్ల నేను లేను, వాడూ లేడు. మనిషి కండ్లు కనవడితె పిట్ట లేస్తదని వాడు ఎప్పుడు ముఖం దాసుకొనే ఉండె. పిట్టలకు దాసిన ముఖం నాకు గూడ దొరకకుంటయింది.

నీ దగ్గెర వాని అసలు ముఖం ఉన్న ఫోటువ ఒక్కటన్న ఉన్నదా? పెద్దలకు పెట్టే ఈ పెత్తరమాసకు మొదటిపారి వాని పేరు మీద బియ్యమిచ్చి, ఇస్తారేసి అన్నం పెట్టాలె. ఆ ఇస్తారి ముంగట కోటాయనను పెట్టుడు నాతోని కాదు. ఎతికి చూడు బిడ్డా.

నీ మీద కోపముండి గూడ నిన్నే అడుగుతున్న,
ముత్యం అవ్వ, చంద్రవ్వ


పెత్తరమాస వారం ఉన్నదనంగ

బిడ్డా లింగమూర్తీ,

నీ కవరు అందింది. నీ స్టూడియోల ఒక్కటే కోటు చిలుకకొయ్యకు ఏలాడుతుంటదని, బతికినోళ్లకు సచ్చినోళ్లకు అందరికి అదేనని రాసినవు. నవ్వొచ్చింది. ఏడ్వకు. నువ్వు ఏడ్చుకుంట రాసినట్టు కాయితం మీద ఆనవాలున్నది, ఇంటి ఇల్లాలు చూస్తె ఫికర్ చేస్తది.

దాంట్ల పెట్టిన ఫోటువ మొదలు నాకు తెల్వలే. అంత ఇసుకే. పైన నీళ్లు, ఆ మీద ఆకాశం. కింద ఒక మొద్దు పడున్నది. వరదకు కొట్టుకొచ్చిన మొద్దనుకున్న. వాకిట్లకు తెచ్చి ఎలుగుల చూస్తె మొద్దుకు పాదాలున్నయి. రెండు అరికాళ్లు మన దిక్కే ఉన్నయి. ఎడమకాలు చిటికెనేలు పక్కేలు మీదికెక్కి ఉన్నది. పుట్టిన్నాడే గట్ల ఉండె. మంత్రసాని చూసి "నడక వస్తె అదే దిగుతదిలే" అన్నది, దిగలే. బోర్ల పండుకొని, మోచేతుల మీద లేసి, దూర్బీన్ల నుంచి అటు చూస్తుండు ముత్యం. ముఖం కనవడదు. కని లింగమూర్తీ, వాడు అచ్చం గట్లనే ఉండెటోడు. ఇంట్ల గూడ ఎటో చూసుకుంట, వీపు మన దిక్కు పెట్టి.

వాని కెమెరా గుంజుకొని నవ్వులాటకు తీస్తె "ఒక రీలు దండుగ చేసినవు" అని వాడు నిన్ను తిట్టిండని రాసినవు. వాడు తిట్టుడు అంటె ఎంత, ఆ ఒక్క మాటే ఉంటది. ఫోటువ చూసినంక నాకు అన్నం సయించింది. గందుకే ఇస్తారి ముంగట ఇదే పెడుదామన్న.

మీ కాక దాన్ని చేతుల పట్టుకొని ఒకపారి చూసి కింద పెట్టిండు. "కాళ్లు మన మొఖాన పెట్టిన ఫోటువ ముంగట పెడితె పెద్దలు అన్నం ముడుతరానే?"

"వాడు మనకు పెట్టలే. పిట్టలను చూస్తుండు."

"పెద్దలకు గది ఎవలు చెప్పాలె?"

గప్పుడే పోశవ్వ వచ్చింది. ఆమెకు ఇంటింటి ముచ్చట కావాలె. ఒంగి చూసి బుగ్గలు నొక్కుకున్నది. "ఓ చంద్రవ్వా, మొగోన్ని బోర్ల పండవెట్టి దండేస్తరానే? బొట్టేడ పెడుతవు, మడిమెకా?"

మీ కాకకు నవ్వు ఆగలే. ముత్యం పోయినంక ఆయన నవ్వుడు నేను చూడలే. కని నవ్వినంక గూడ వద్దనే అన్నడు. "గోడ మీద ఉన్నది గద, అదే పెడుదాం" అని చేనుకు పోయిండు.

నేను ఒకటి అనుకున్న. నీకొక్కనికే రాస్తున్న. పెత్తరమాసనాడు కోడి కూయకముందు, ఆయన లెవ్వకముందు లేసి కోటు ఫోటువ గోడకెంచి తీసి బట్టల చుట్టుకొని, రాయపట్నం పోయి గోదాట్ల కలిపి వస్త. అడిగితె గోడ మొల తుప్పువట్టి ఊడి, కింద పడి అద్దం పలిగిందని చెప్త. ఏడుస్తడు, తిడుతడు. తర్వాత వారమో నెలో అయితె మర్చిపోతడు. ఆయనకు ఆ ఫోటువ పోతది, నాకు నా కొడుకు దొరుకుతడు. ఇది న్యాయం కాదు, నాకు ఎరుకే. అయినా గంతే.

నువ్వు ఆన్నాడు రేవు దగ్గెరికి రాగలుగుతె రా. ఒక్కదాన్నే నీళ్లల్ల దిగుటానికి నాకు జర భయం. రాకుంటె గూడ పోత.

చంద్రవ్వ


సద్దుల బతుకమ్మ ముందుగాల

బిడ్డా లింగమూర్తీ,

ఫోటువ గోదాట్ల కలుపలే. గోడకే ఉన్నది. నువ్వు రేవు దగ్గెర మాపటిదాక చూసినవని కబురు తెలిసింది. మేం ఎండెక్కినంక పోయినం, అదీ దిగువ దిక్కు ఇసుకలకు పోయినం, గందుకే కలువలే. నిన్ను నిలవెట్టిన. ఏమనుకోకు. ఎట్లయిందో చెప్త.

అనుకున్నట్టే కోడి కూయకముందు లేసిన. అర్ర తలుపు దగ్గెరికి పోంగనే లోపట దీపం ఎలుగుతున్నది. మీ కాక నాకంటె ముందే లేసి ఫోటువ ముంగట నిలవడ్డడు. చెప్పులు బయట ఇడిసిండు. తలగుడ్డ తీసి సంకల పెట్టుకున్నడు. పట్టా కోసమని కచ్చేరి చుట్టు తిరిగిన ఏండ్లల్ల గిట్లనే, జర ఒంగి నిలవడెటోడు. నేను తలుపు చాటుకు ఆగిన. మొదటిపారి ఆయన మాట ఇన్న.

"సారూ, ఇయ్యాల పెత్తరమాస. మా పిలగాడు మీ దిక్కు అచ్చి ఏడాది దాటింది. పేరు ముత్యం, తండ్రి పేరు గట్టయ్య. బక్కగుంటడు. మీరడిగితెనే మాట్లాడుతడు, వానంతట వాడు నోరిప్పడు. పిలిచినప్పుడు రాకుంటె కోపం చెయ్యకుర్రి, ఏడనో పిట్టలను చూసుకుంట ఎన్కవడ్తడు. ఇయ్యాల వాని పేరు మీద అన్నం పెడుతున్నం. అది వానికి ముట్టెటట్టు జర చూడుర్రి. మీ కాల్మొక్త సారూ."

నేను లోపటికి పోయి, "ఎవలతోని మాట్లాడుతున్నవు?" అని అడిగిన.

ఉలిక్కిపడ్డడు. సిగ్గుపడ్డడు. "సారుతోని" అన్నడు.

"ఏ సారు?"

"నాకేమెరుక. కోటేసుకున్నడు గద."

"నువ్వు ముత్యమనుకుంటలేవా?"

"నీకేమన్న పిచ్చా? మనోనికి కోటేడిదే? గా కండ్లేడియి? నా కొడుకును నేను గుర్తుపట్టనా? లింగమూర్తి తీసిందయితె మనోన్నే. అచ్చిందయితె ఈయన."

"మరి ఏడాది సంది గీ దండాలేంది?"

తలగుడ్డ చేతులల్ల నలుపుకున్నడు. "ఆయన అటుదిక్కు ఉన్నడు, మొఖం మన దిక్కు పెట్టిండు. అండ్ల మనకు ఇంకెవలు ఎరుకనే చంద్రా? ఎవలనన్న అడగాలె గద" అన్నడు.

నేను దాన్ని గోడ మీదికెంచి తియ్యలే. ఎట్ల తీస్త? ఆయనకున్నది ఆ ఒక్క సారు.

చుట్టుటానికి తెచ్చిన బట్ట చేతులనే పట్టుకొని దీపం ఎలుగుల మొదటిపారి దగ్గెరికెంచి చూసిన. ఎవలో పరాయాయన. నిజంగనే పరాయాయన బిడ్డా. ఆ కండ్లకు, నా కొడుక్కు ఏం సంబంధం లేదు. ఆయనను ముత్యమనుకొని చూసినన్ని దినాలు ఆయన నా కొడుకు ముఖం గుంజుకున్నట్టు ఉండె. సారు అనుకొని చూస్తె గోడ మీద కూసున్న ఒక ఆఫీసరు, గంతే. కూసోనీ. ఇప్పుడు ఆ అర్రల బియ్యం గూడ చెరుగుతున్న. ముత్యం ముఖం మొత్తం తిరిగొచ్చిందని అబద్ధం రాయ. ఒకపారి పెరట్ల ముఖం కడుక్కుంట వచ్చిండు, సగం ముఖం. అటు తిరిగి ఉండె.

అన్నం వండినంక మీ కాకనే పెట్టె తీసి నువ్వు పంపిన ఫోటువ తెచ్చి ఇస్తారి ముంగట పెట్టిండు. బొట్టు పెట్టబోయి ఆగిండు. "ఏడ పెట్టినా పిట్ట మీదనో నీళ్ల మీదనో పడుతది, ఉండనీ" అన్నడు. "ఇంతకు పిట్టేది?" అని అడిగిండు. ఆవగింజను చూపెట్టిన. కండ్లు చిన్నగ చేసుకొని చాలాసేపు చూసిండు. ఆయనకు గూడ గట్లనే చూసే అలవాటున్నదని నేను ఇన్నేండ్లకు ఆన్నాడు గుర్తుపట్టిన. "ఏం పిట్ట?" అన్నడు. నాకు తెల్వదు. నీకు ఎరుకుంటె రాయి.

కాకులకు పెట్టినంక ఇద్దరం నడుసుకుంట ఇసుకలకు పోయినం. వరద తీసింది, నడిమిట్ల తిన్నె తేలింది. తిన్నె మీద ఇటుకరంగు బాతులు జంటలుజంటలుగ దిగినయి. మంచుదేశం నుంచి వస్తయని ముత్యం చెప్పెటోడు, మేం నమ్మెటోళ్లం కాదు. దగ్గెరికి పోతె లేస్తయని తుమ్మచెట్టు చాటుకు కూసున్నం. మీ కాకకు మోకాళ్లు నొచ్చినయి, అయినా కదలలే. నేను దగ్గబోతె కొంగు నోటికి అడ్డం పెట్టుకొమ్మని సైగ చేసిండు. పొద్దుగూకెదాక అవి లెవ్వలే, మేం లెవ్వలే. చూస్తె కడుపు నిండదు గని, ఆన్నాడు ఆకలి యాదికి రాలే.

దసరా ఎల్లినంక నువ్వు రా. కెమెరా తెచ్చుకో. ఈ ఇంటికి వచ్చుటానికి నువ్వు ముఖం చాటేసే పని లేదు, నీ మీద ఎవలకు కోపం లేదు. మీ కాకకు దూర్బీన్ల నుంచి చూడాలెనని ఉన్నది, నోరిప్పి అడగడు. మక్కకంకులు కాలుస్త.

పెత్తరమాస తెల్లారి ఆయన మళ్ల అర్రలకు పోయి, తలగుడ్డ సంకల పెట్టుకొని నిలవడి, మాట్లాడి, బయటికి వచ్చిండు. నేను వాకిలి ఊడుస్తున్న.

"ఏమన్నడు సారు? అన్నం ముట్టిందటనా పిలగానికి?" అని అడిగిన.

మీ కాక తలగుడ్డ చుట్టుకున్నడు, చెప్పులు తొడుక్కున్నడు, చేను దిక్కు చూసిండు.

"రేపు రమ్మన్నడు" అన్నడు.

నీ చంద్రవ్వ