ఇరుకు దాటే వేళ

మార్చి 2, శనివారం

పడవ బుక్ అయింది! ముప్పై ఎనిమిది అడుగులు, రెండు తెరచాపలు, మూడు గదులు. జూన్ 8 నుంచి 15 దాకా. ఆ వారం రోజులూ దానికి స్కిప్పర్ని నేనే. మందుల షాపులో బిళ్ళలు లెక్కపెట్టుకునే మనిషికి, అదీ నలభయ్యో ఏట పడవ నడిపే సర్టిఫికెట్ తెచ్చుకున్నదానికి, బుద్ధున్నవాళ్ళెవరైనా పడవ ఇస్తారా అని ఈయన వేళాకోళం. ఇచ్చారుగా. కుళ్ళుకోనీ. పడవెక్కిన పావుగంటకే వాంతులు చేసుకునే మొహం ఆయనది.

ఆ తీరానికి అందరూ వెళ్ళరు. నీళ్ళలో మునిగి ఉండే రాళ్ళు, చెప్పకుండా దిగే పొగమంచు, అన్నిటికీ మించి ఇరుకు. రెండు దీవుల మధ్య సన్నటి సందు అది. పోటు వచ్చినా ఆటు వచ్చినా నీళ్ళన్నీ అందులోంచే తోసుకుంటూ పోవాలి. ఆ రెంటికీ మధ్య ఓ పది నిమిషాలు నీళ్ళు నిలుస్తాయి. దాటితే అప్పుడే దాటాలి. వేళ తప్పితే అంతే సంగతులు.

పిన్ని పోయింది అక్కడే. దాన్ని ఒక్కసారి సరిగ్గా దాటాలనే నేను ఈ చదువు చదివింది. ఈ మాట ఈయనకి కూడా చెప్పలేదు.

మార్చి 10

అక్క ఒక షరతు పెట్టింది. బాబాయి వస్తేనే తనూ వస్తుందట. ఒంటికాలి మీద లేచాను. బాబాయా! పడవ మీదకా!

ఇంజను సరిగ్గా చూసుకోక పిన్నిని పోగొట్టుకున్న మనిషి ఆయన. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, జూన్‌లో, ఇరుకు మధ్యలో ఇంజను ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగింది, పిన్ని నీళ్ళలో పడింది. పడవలో వాళ్ళిద్దరూ, పదహారేళ్ళ అక్క, పదకొండేళ్ళ నేను. నేను కింద గదిలో ఉన్నాను, ఏమీ చూడలేదు. పిన్ని అమ్మకి సొంత చెల్లెలు. అన్నదమ్ములిద్దరూ అక్కాచెల్లెళ్ళనే చేసుకున్నారు. ఆ రోజు నుంచీ అమ్మ బాబాయితో ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడతాను, ముక్తసరిగా. ఆయన కారు మాత్రం ఎక్కను, నా పిల్లల్ని ఎక్కనివ్వను.

మార్చి 11

సరే అన్నాను. అక్క లేకపోతే తెరచాప లాగేవాళ్ళు ఎవరు? క్రూ లిస్టులో బాబాయి వరుసలో ఇలా రాసి అందరికీ పంపాను: ప్రయాణికుడు మాత్రమే. ఇంజను ముట్టుకోరాదు.

మార్చి 12

అక్క ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసింది.

ఏప్రిల్ 6

పడవలు అద్దెకిచ్చే చార్టర్ ఆఫీసులో ఒకావిడ ఉంది. నేను ఏం చెప్పినా ముందు ఓకే అంటుంది, వెంటనే బట్ అంటుంది. ఇంట్లో ఆవిడ పేరు ఓకేబట్ అయిపోయింది. ఏ రోజు ఎక్కణ్ణుంచి ఎక్కడికి, గాలి తిరగబడితే ఎక్కడ తలదాచుకుంటారు, అన్నీ రాసిమ్మంది. రాశాను. పదకొండు పేజీలు. ఫోన్లో చూసేస్తే మెదడు తుప్పు పడుతుందని మా కోర్సు మాస్టారు అనేవారు, అందుకని ఆటుపోట్ల పుస్తకం దగ్గర పెట్టుకుని చేత్తో లెక్కలు కట్టాను. మూడో రోజు, జూన్ 10, ఇరుకులో నీళ్ళు నిలిచేది 9-20కి.

ఓకేబట్‌కీ, మిగతా ముగ్గురికీ పంపాను. ఈయన దండం బొమ్మ పెట్టారు. అక్క శభాష్ అంది. బాబాయి నుంచి ఒకే మాట వచ్చింది, అందింది అని. అబ్బో, ఎంత శ్రమపడ్డాడో పాపం.

ఏప్రిల్ 9, ఉదయం 11-15

షాపులో వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను.

ఓకేబట్ ఫోన్ చేసింది. మీ ప్లాన్‌లో గంట తేడా ఉందండీ అంది. ఈ దేశంలో వేసవి వస్తే మనం గడియారాలు గంట ముందుకు జరుపుకుంటాం, పుస్తకంలో మాత్రం మామూలు టైమే ఉంటుంది, గంట కలుపుకోవాలి. నేను కలపలేదు. ఇరుకు దాటాల్సింది 9-20కి కాదు, 10-20కి. మిగతా రోజుల్లో గంట తేడా వస్తే కాస్త ఆలస్యమవుతుంది, అంతే. అక్కడ మాత్రం నలుగురం పోయేవాళ్ళం.

పద్దెనిమిదేళ్ళలో ఒక్క బిళ్ళ తప్పు ఇవ్వలేదు నేను. నలుగురి ప్రాణాలు గంట తేడాతో తీసుకెళ్ళి నీళ్ళలో పోద్దును. కౌంటర్ దగ్గర ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు. లేవబుద్ధి కావట్లేదు.

ఏప్రిల్ 11

దిద్దిన ప్లాన్ ఇచ్చి, థాంక్స్ కూడా చెబుదామని ఆఫీసుకి వెళ్ళాను. మీరు పట్టుకోకపోతే ఏమైపోయేవాళ్ళమో అన్నాను. ఓకేబట్ మొహం ఎర్రబడింది. కాసేపు పెన్ను మూత తీసింది, పెట్టింది. నాకు అబద్ధాలు చేతకావండీ, అది నేను పట్టుకోలేదు అంది. క్రూ లిస్టులో ఉన్న పెద్దాయన ఫోన్ చేశారట. గంట కలపలేదు, మీరే చూసినట్టు చెప్పండి, నేను చెప్పానని మాత్రం అమ్మాయికి తెలియనివ్వకండి అని రెండుసార్లు బతిమాలారట.

బాబాయి!

దారంతా పళ్ళు నూరుకుంటూ వచ్చాను. తప్పుంటే నా మొహానే చెప్పొచ్చుగా? చాటుగా ఈ నాటకాలేంటి?

అదే రోజు, సాయంత్రం

కోపం దిగాక ఒకటే ఆలోచన. నన్ను చిన్నబుచ్చాలనుకుంటే అందరి ముందూ చెప్పేవాడు. చెప్పలేదు. గంట అనే మాట తన నోటి నుంచి నా చెవిన పడకూడదనుకున్నాడు. ఎందుకు?

ఏప్రిల్ 12, మధ్యాహ్నం

కంప్యూటర్ ఏ సంవత్సరం తేదీ ఇచ్చినా ఆటుపోట్లు లెక్క కట్టి చూపిస్తుంది. పిన్ని పోయిన తేదీ కొట్టాను. ఎందుకు కొట్టానో నాకే తెలీదు.

ఇరుకులో నీళ్ళు నిలిచేది, పుస్తకం టైము 10-10. గంట కలిపితే 11-10.

మేం ఇరుకులోకి వెళ్ళింది 10-10కి. నాకు బాగా తెలుసు. ఆ వేసవిలో పుస్తకం చూసి టైము చెప్పే పని బాబాయి నాకిచ్చాడు. మహా గొప్పగా ఉండేది నాకు. ఆ పొద్దున పదీ పదీ, పదీ పదీ అని పాటలా పాడుతూ పడవంతా తిరిగాను. పిన్ని నవ్వి, నా నోట్లో బిస్కెట్ కుక్కింది, అలా అయినా ఊరుకుంటానేమోనని.

టైము చెప్పింది నేను.

ఇంకోటి. కింద గదిలో నాకు ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. పిన్ని పడ్డాక కూడా. అది ఇంజను కాదు, నీళ్ళ హోరు అని చెప్పారు. నమ్మాను.

ఏప్రిల్ 12, సాయంత్రం

అక్క ఇంటికి వెళ్ళాను. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను, ఆ రోజు ఇంజను ఆగిందా అని. అక్క స్టవ్ కట్టేసింది. తర్వాత భోరున ఏడ్చింది.

ఆగలేదట. ఒక్క క్షణం కూడా ఆగలేదట. మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పడవలో బాబాయి తడిబట్టలతోనే అక్క భుజాలు పట్టుకుని మాట తీసుకున్నాడట. ఇంజను ఆగింది, గుర్తుపెట్టుకో, అది చిన్నపిల్ల, ఇది మొయ్యలేదు అన్నాడట. అప్పటికింకా పిన్ని దొరకనేలేదు. భార్య నీళ్ళలో ఉంది. అప్పుడు ఆ మనిషి ఆలోచించింది నా గురించి!

ఏప్రిల్ 13

షాపు తెరవలేదు.

ఏప్రిల్ 14

బాబాయి ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తులో రెండు గదులు. ఇన్నేళ్ళలో నేను ఆ మెట్లెక్కడం ఇది రెండోసారి. కుర్చీ కాలు ఊడితే మేకు కొట్టుకుంటున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు. నా మొహం చూసే ఆయనకి అర్థమైపోయింది. ఆ ఆఫీసు పిల్ల కడుపులో మాట దాగదు కాబోలు అన్నాడు.

కాళ్ళు పట్టుకోబోయాను. లేవమ్మా, పిచ్చిదానా అని కసిరాడు. ఆయన ఏడవలేదు. కోప్పడ్డాడు. ఆ రోజు పడవ నడిపింది ఎవరు, నేనా నువ్వా అని అడిగాడు. పిల్ల చెప్పిన టైము సరిచూసుకోవాల్సింది నేను. చూసుకోలేదు. తప్పు నాదే, అది నిజం. ఇంజను ఒక్కటే అబద్ధం అన్నాడు.

మరి అమ్మ సంగతేంటి, ఇన్నేళ్ళూ నీతో మాటల్లేవుగా అన్నాను. చెల్లెలు పోయిన మనిషికి ఎవరో ఒకరి మీద కోపం ఉండాలిగా, అది కూతురి మీద ఎందుకు అన్నాడు. మళ్ళీ సుత్తి తీసుకున్నాడు.

ఏప్రిల్ 15

ఇంజను ముట్టుకోరాదు అని రాశాను. నా చేతులు పడిపోను!

ఏప్రిల్ 21

అమ్మకి చెప్పేశాను. వద్దని బాబాయి మొత్తుకున్నాడు. వినలేదు.

అమ్మ కరిగిపోతుందనుకున్నాను. మండిపడింది. పదకొండేళ్ళ పిల్ల చేతిలో పుస్తకం పెడతాడా అంది. నా చెల్లెలు ఎలా పోయిందో నాకు అబద్ధం చెబుతాడా, నన్ను ఇరవై తొమ్మిదేళ్ళు వెర్రిదాన్ని చేస్తాడా అంది. నన్ను ఒక్క మాట అనలేదు. గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమినవే మళ్ళీ తోమింది. నేను వెనకాల నిలబడి ఏడుస్తుంటే తిరిగి చూడలేదు.

ఏప్రిల్ 30

అమ్మ ఫోన్. ఆ పడవలో ఇంకో మనిషికి చోటుందా అని అడిగింది. ఉందన్నాను. పెట్టేసింది.

జూన్ 10, మధ్యాహ్నం

దాటాం. 10-20కి నీళ్ళు నిలిచాయి. చుక్కాని నా చేతిలో ఉంది. రెండు రోజులుగా బాబాయికి వీపు తిప్పి కూర్చున్న అమ్మ, ఇరుకు మధ్యకి రాగానే లేచి ఆయన పక్కన కూర్చుంది. ఆ రోజు నీళ్ళు బాగా చల్లగా ఉన్నాయా అని అడిగింది.

లేవు వదినా, గోరువెచ్చగా ఉన్నాయి అన్నాడు బాబాయి.

నా ముందున్న మీటర్లో నీళ్ళు తొమ్మిది డిగ్రీలు. అమ్మ ఇటు తిరిగేలోపు దాని మీద అరచెయ్యి పెట్టేశాను.