మాత్రల డబ్బాకు వేసిన తాళం

మార్చి 14, గురువారం

నా కందిరీగకు,

బట్టలు ఉతికి ఆరేశాను. దుప్పట్లు మార్చాను. నీ గది తుడిచాను. మీ నాన్నతో ఆస్పత్రికి పంపాల్సినవి సంచిలో సర్దాను. ఇవాళ్టి పనుల్లో ఇదొక్కటే మిగిలింది. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

పోయిన జూలైలో మీ నాన్న తలనొప్పి మాత్రలు లెక్కకు తగ్గసాగాయి. నువ్వే తీస్తున్నావని పట్టుకున్నాను. "రాత్రిళ్లు నడుం నొప్పి చంపేస్తోందమ్మా. ఇది వేసుకుంటేనే నిద్ర పడుతోంది" అన్నావు. "ఇరవై ఏళ్లకే నడుం నొప్పేమిటే? ఫోను పట్టుకుని వంకర్లు తిరిగి పడుకుంటే రాదూ!" అని డబ్బాకు తాళం వేశాను.

జనవరిలో నువ్వు ఒక పక్కకు ఒరిగిపోతుంటే డాక్టరుకు చూపించాను. ఎన్నాళ్లుగా ఉంది, ఏ మాత్రకైనా తగ్గుతోందా అని అడిగాడాయన. తారీఖులతో సహా నాకు తెలుసు. అయినా "ఈ మధ్యేనండీ, మాత్రలేవీ వాడలేదు" అన్నాను. తల్లినై ఉండి ఆరు నెలలు పట్టించుకోలేదంటారని సిగ్గు. నువ్వు నా వైపు చూసి ఊరుకున్నావు. కండరం పట్టిందని ఆయన ఆరు వారాలు వ్యాయామం రాశాడు. ఆ ఆరు వారాల్లోనే నీ పాదం పడిపోయింది.

పాదం పడిపోయాక చూపించిన ఈ సర్జన్‌కు మాత్రం నిజం చెప్పాను. "రాత్రి నొప్పి, ఈ మాత్రకే తగ్గడం... అదేనమ్మా గుర్తు" అని వెంటనే స్కాన్ తీయించాడు. నడుం ఎముకలో బొటనవేలి గోరంత గడ్డ. క్యాన్సర్ కాదు, అరుదైనది, నరాన్ని నొక్కేసింది. ఎముక తొలిచి తీసేస్తామన్నాడు. "ఆరు వారాల ముందు వచ్చుంటే..." అని ఆగిపోయాడు.

ఆపరేషన్ అయ్యాక నొప్పి పోయిందని నిన్న నవ్వావట. పాదం లేవలేదట. ఆ ఆరు వారాలు నీకు బాకీ పడ్డాను. ఎలా తీర్చాలో తెలియడం లేదు.

అమ్మ


మార్చి 16, శనివారం

అమ్మా,

ఆ రోజు నాకు మాత్రం నోరు లేదా? నీ పరువు కాపాడాననుకున్నావు కాబోలు. అంత మంచిదాన్ని కాదు. వెన్ను కోస్తారని భయం. "ఈ మధ్యే" అని నువ్వు అనగానే హమ్మయ్య అనుకున్నాను. మూడో వారానికే పాదం మొద్దుబారింది. నీకు చెప్పకుండా దాచాను.

ఇవాళ కూడా వేలు కదల్లేదు. కదులుతుందో లేదో ఏడాది దాకా చెప్పలేరట. పాదం వాలిపోకుండా పట్టి ఉంచే పట్టీ చేయించడానికి కొలతలు తీసుకున్నారు. నాన్న బయటికెళ్లి వచ్చి కంట్లో దుమ్ము పడిందన్నారు. ఇంత తుడిచే ఆస్పత్రిలో దుమ్మెక్కడిదో మరి!

రేపు ఆయన్ని పంపకు, నువ్వే రా. నాకు భయంగా ఉంది.

నువ్వు రాసిన బాకీలో సగం నాది. మిగతా సగం ఇందుమూలంగా చెల్లు.

నీ కందిరీగ