తోక వణుకుతోంది

2 ఆగస్టు 2002, శుక్రవారం
నాయన బొమ్మ విమానానికి రిసీవర్ మార్చాలి. నాయన చేతిలోని రిమోట్ చెప్పేది వినేది విమానం కడుపులో ఉన్న ఆ అగ్గిపెట్టెంత డబ్బానే. అది వినకపోతే విమానం ఎవరి నెత్తిన పడుతుందో! ఇవాళ టెస్ట్ చేస్తుంటే తోక దానంతటదే వణికింది. టవర్లు ఎక్కువైనాయి పాపా, సిగ్నల్ కలిసిపోతా ఉండాది అన్నాడు.
18న పాత శిష్యులు పిల్లల్ని తీసుకుని వస్తారు. ఎగరేసి చూపిస్తానని మాటిచ్చేశాడు. డ్రాయింగు మాస్టరుగా రిటైరైనా మాట మీద మాస్టరే.

5, సోమవారం
మద్రాసు షాపుకి ఫోన్ చేశాను. మనది సింగిల్ కన్వర్షన్ అట, పక్క సిగ్నళ్లన్నీ వింటుందట. డ్యూయల్ కన్వర్షన్ తీసుకోండి మేడమ్, నిశ్చింత అన్నాడు షాపతను. నిశ్చింత అనే మాటకే పడిపోయాను.

9, శుక్రవారం
కొత్తది బిగించి ఏర్పేడు దారిలో బీడుకి తీసుకెళ్లాం. రిమోట్ యాంటెనా మడిచి, మీటల మీద వేళ్లుంచి నాయన దూరంగా నడుస్తూ పోవాలి, నేను విమానం పక్కన కూర్చుని తోకనే చూడాలి. అదీ టెస్ట్.
మళ్లీ వణికింది.
షాపతని మీద అరిచాను. రిసీవర్ యాంటెనా వైరు కత్తిరించారా, క్రిస్టల్ రిమోట్‌లో ఉన్న ఛానలేనా అని తెలుగూ తమిళమూ కలిపి అడిగాడు. అన్నీ సరిగానే ఉన్నాయి. పీసీఎం రకం రిసీవర్ పంపుతాను, పాడైన సిగ్నల్ వస్తే అది తోకని కదలనే కదలనివ్వదు అన్నాడు.

14, బుధవారం
పీసీఎం పెట్టినా తోక వణికింది. రిమోట్ చెబితేనే తోక కదులుతుంది మేడమ్, ఒట్టు అన్నాడు షాపతను. టక్కున ఫోన్ పెట్టేశాను.

15, గురువారం, సాయంత్రం
మళ్లీ టెస్ట్. మధ్యలో బీడు యజమాని ఖలందర్ వచ్చాడు, ఆయనా నాయన శిష్యుడే. నాయన రిమోట్ కింద పెట్టి మాట్లాడుతూ నిలబడ్డాడు. తోక బిగదీసుకుపోయినట్టు ఆగింది. ఖలందర్ వెళ్లాడు. నాయన రిమోట్ తీసుకున్నాడు. తోక వణికింది.
నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయన వేళ్లు చూడాల్సి వస్తుంది. సిగ్నలే నాయనా అని అరిచాను.

16, శుక్రవారం
కాఫీ లోటా సగమే నింపి ఇచ్చాను. నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

17, శనివారం
చెప్పాలా? స్కేలు లేకుండా బోర్డు మీద గీత గీసిన చెయ్యి అది. చెప్పకపోతే రేపు విమానం కింద పిల్లలుంటారు. పోనీ నేను ఎగరేద్దామంటే, ఎగరేయడం ఆయనే నేర్పించాడు గానీ దించేటప్పుడు నాకు గుండె జారిపోతుంది. భయం, పిరికితనం, రెండూ నావే.
అన్నం తినేటప్పుడు చివరికి నోరు తెరిచి, ఇంకో రిసీవర్ తెప్పిద్దాం, రేపు వద్దు నాయనా అన్నాను. రిసీవర్లు సాలు పాపా అన్నాడు. తల ఎత్తలేదు.

18, ఆదివారం
పిల్లలందరి ముందరా రిమోట్ పట్టీ తీసి నా మెడలో వేశాడు. నా సెయ్యి బాగలేదబ్బా, ఈపొద్దు మా రేవతి ఎగరేస్తాది అన్నాడు.
గుద్దుకున్నట్టే దించాను, కానీ దించాను. నాయన నా పక్కకొచ్చి మెల్లిగా, మొదటి రిసీవర్ గూడా మంచిదే పాపా అన్నాడు.