గేదెల దీదీ ఇంకా రాలేదు

అప్పా,

నీ మాట నెగ్గిందే! రిసాలిలో గుమ్మం గుమ్మం తిరిగి నువ్వు సంతకాలు పెట్టించిన అర్జీని ఇవాళ దుర్గ్‌లో ఒప్పేసుకున్నారు. ఇకమీద ఆస్పత్రి కంప్యూటర్లో ఇంటిపేరు వేరుగా, పేరు వేరుగా రాస్తారట. ఒకే మనిషి రెండు పేర్లతో ఉంటే, అయినవాళ్ళు చెప్తే కలిపేస్తారట.

మొదట్లో నువ్వూ నవ్వావు. ఆస్పత్రిలో చీటీ రాసే హిందీ కుర్రాడు "గేదెలా దీదీ!" అని కేకేస్తే లైన్లో మనోళ్ళందరూ పక్కున నవ్వారు. "ఇదేటే, గేదెల రవణమ్మని చెప్తే రవణమ్మనొదిలేసి గేదెల్ని చేర్చుకున్నాడు?" అన్నావు.

నీకు పడని ఇంజెక్షన్ సంగతి అంతకుముందు రాసిన రవణమ్మ పేరు మీద ఉండిపోయింది. ఆఖరిసారి మంచమ్మీద పడుకున్నది గేదెల. ఆ పేరు కింద డాక్టరుకి ఏటీ కనబడలేదు.

ఇవాళ ఆఫీసరు కంప్యూటరు నావైపు తిప్పాడు. చావు కాగితానికి నేను చెప్పిన పేరు బట్టి రవణమ్మ పోయినట్టు రాసుంది. గేదెల మాత్రం బతికే ఉంది.

"మీ అక్కవి కలిపేయమంటారా, దీదీ?" అనడిగాడు.

నువ్వు పోయాక కలపండి, కలపండి అని వాళ్ళ ప్రాణాలు తోడేసింది నేనే. "భయ్యా, ముందు మిగతావాళ్ళవి చూడండి" అనేసి బయటికొచ్చేసాను.

బస్సులో ఉండగా నా సంచిలో నీ ఫోను మోగింది. నెలనెలా వచ్చే ఆస్పత్రి మెసేజీయే. 'గేదెలా జీ, బీపీ చూపించుకోడానికి మీరింకా రాలేదు.'

నిజమే అప్పా. నువ్వింకా రాలేదు.