నీళ్ళు మింగిన ఇంజను

ఏమోయ్,

ఇక్కడ నేనూ, పిల్లా, మీ అమ్మా కులాసా. ఇంజను ఒక్కటే పోయింది. నువ్వక్కడ వేళకి తిని పడుకుంటున్నావనుకుంటాను. ఫోన్లు లాక్కుని మొగుడూ పెళ్ళాల చేత ఉత్తరాలు రాయిస్తున్న మీ శిక్షణ శిబిరానికి ఓ దండం.

పిల్ల దగ్గు తగ్గింది. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, నోరూ తగ్గలేదు. ఇక, కొత్త హెడర్లు బిగించాక రేసు పడవ ఎలా పోతోందని అడిగావు. పోవడం లేదు. కట్టేసి ఉంది.

పొగని బయటికి లాగే ఆ గొట్టాలు నేనే వంచి, నేనే అతికాను. ముచ్చటగా కుదిరాయి. గొట్టం కాలిపోకుండా చుట్టూ నీళ్ళు తిప్పి, చివర్లో ఆ నీళ్ళని పొగలోనే కలిపి వదిలేస్తాం కదా. పాత ఇంజనుకి ఆ కలిసే చోటు దగ్గరగా ఉన్నా చెల్లింది. ఈ జోరు ఇంజను అలా కాదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు పొగని వెనక్కి పీలుస్తుంది, దగ్గర్లో నీళ్ళుంటే వాటినీ మింగేస్తుంది. అందుకే నీళ్ళు దూరంగా పోయి కలిసేలా, పొగ వచ్చే లోపలి గొట్టం బారెడు పొడిగించాను. పడవ యజమాని, అదే మన మెరుపుల దొర, అది చూసి మొహం చిట్లించాడు. వెనక తోకలా ఉందట! నేను లేనప్పుడు ఇంకెవరి చేతో కోయించి, కొసలకి మెరుగు పెట్టించాడు.

ఆదివారం స్నేహితుల్ని రేవుకి పిలిచాడు. ఆ గురగుర చప్పుడు వినిపించాలని, కట్టేసిన పడవలోనే ఇంజనుని ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. అది నీళ్ళు తాగుతూనే ఉంది. జోరు పెంచాడో లేదో, ఢామ్మని పట్టేసింది. చప్పట్లు కొట్టారోయ్! అదీ వేడుకలో భాగమే అనుకున్నారు. డబ్బున్నవాడు తుమ్మినా తాళం వేసే జాతి.

ఇంజను హెడ్డు విప్పి, లోపల నీళ్ళు అణగక వంగిపోయిన కనెక్టింగ్ రాడ్డు దొరకి చూపించాను.

"నీళ్ళ మీద నడిచే ఇంజనులోకి నాలుగు చుక్కలు పోతే ఏమైందట?" అన్నాడు.

"మీరూ నీళ్ళు తాగే బతుకుతున్నారు. ఓసారి ఊపిరితిత్తుల్లోకి పోనిచ్చి చూడండి" అన్నాను.

వేరే ఇంజను తెప్పించాడు. గొట్టాలు మాత్రం ఆ కోసినవే ఉండాలట. "రేసులో మీ ఆవిడ నెమ్మదిగా నడపదుగా, ఇంకేం భయం?" అంటాడు. బయలుదేరే గీత దాకా పడవలన్నీ పాక్కుంటూ వస్తాయని ఆ మహానుభావుడికి తెలీదు. అక్కడ నీళ్ళు మింగి, జెండా ఊపగానే ఇంజను పట్టేస్తే, వెనక పడవ నీ మీంచి పోతుంది. చచ్చేది నువ్వు, కప్పు పోయిందని ఏడ్చేది వాడు. పేపర్లో ఫోటో కూడా వాడిదే పడుతుంది.

ఇంతసేపూ వాణ్ణి తిట్టింది ఒక సంగతి దాటెయ్యడానికే. ఇక చెప్పక తప్పదు.

"మా ఆవిడ మీ పడవ నడపదు" అనేశాను.

"ఆవిడని అడిగావా?"

"అడగక్కర్లేదు."

ఆడవాళ్ళ బదులు మగవాళ్ళు మాట్లాడడం మానాలని ప్రతి సభలోనూ బల్ల గుద్దేవాణ్ణి నేను. ఇంటికొచ్చి చెబితే, "మా అమ్మాయి తన నోరు మీకు అద్దెకిచ్చిందా అల్లుడుగారూ?" అంది మీ అమ్మ. వెళ్ళి గిన్నెలు తోమాను.

ఆ పడవ నడిపే సీటు కోసం నువ్వెంత పడ్డావో తెలిసే అన్నాను. భయమేసింది. నా భయాన్ని నీ నిర్ణయంలా చెప్పేశాను.

సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. నీ మాట నీ దగ్గరే వినాలంటున్నాడు. ఈ ఒక్క విషయంలో న్యాయం ఆ వెధవవైపే ఉందని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నడపనంటే నీ ఇష్టం. నడుపుతానంటే పొడుగు గొట్టాలు ఉంటేనే అని షరతు నువ్వే పెట్టు. గెలిచే మనిషివి, వింటాడు. జవాబు నాకు రాయకు. నేరుగా వాడికే రాయి. వాడు పడవల షెడ్డులో చదివి వినిపిస్తే అందరితో పాటే నేనూ వింటాను.

ఇట్లు,
నీ మొగుడు