ఆరాధన నిద్రపోవడం లేదు

విజయవాడ.

అమ్మమ్మకి నమస్కారాలు.

ఇక్కడ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు, అందుకే ఉత్తరం. మొదట్లో చెయ్యి ఒకటి పోగొట్టుకున్నట్టు ఉండేది. ఇప్పుడు మంచమెక్కగానే నిద్ర పడుతోంది, చదివింది గుర్తుంటోంది. నువ్వు మాత్రం నా ఫోన్లోంచి నా స్నేహితురాలు గంపలగూడెం ఆరాధనకి రోజూ ఒక ఫొటో పంపు. ఒక్కరోజు తప్పినా మా స్ట్రీక్, అదే వరసగా ఎన్ని రోజులు పంపుకున్నామో ఆ లెక్క, పోతుంది.

నీ కౌముది

తా.క.: ఫోను నీ దగ్గరుందని దానికి చెప్పకు. చదువు కోసం మానేశానంటే ఏడిపిస్తుంది.

తిరువూరు.

చిరంజీవి కౌముదికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న మామిడికాయ ముక్కలు, నిన్న నా కళ్ళజోడు పంపాను. కానీ ఆ పిల్ల అస్సలు నిద్రపోవడం లేదే! "పడుకో తల్లీ" అని రాస్తే "ముందు నువ్వు పడుకో" అంటుంది. పడుకుందేమోనని చూస్తే, పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూనే ఉంటుంది. పంతులమ్మగా చేసినదాన్ని, పరీక్షల ముందు పిల్లనలా వదిలేసి ఎలా పడుకోను?

దుర్గాంబ

తా.క.: ఇవాళ పప్పులో ఉప్పు బదులు పంచదార వేశాను. మీ తాతయ్యకి తెలియలేదు. ఆయనా ఫోను చూస్తూనే తిన్నారు.

విజయవాడ.

అమ్మమ్మా,

భజనలో మైకు ముందే గురక పెట్టావట! ఆదివారం అమ్మ వచ్చి చెప్పింది. నీకసలే బీపీ. ఆరాధనని నా పేరుతోనే గట్టిగా తిట్టి, ఫోను బీరువాలో పడెయ్. స్ట్రీక్ పోతే పోనీ.

బెంగతో, కౌముది

తా.క.: పడేసే ముందు ఆ రోజుకి ఫొటో ఒకటి పంపేసెయ్.

గంపలగూడెం.

కౌముదీ,

తిట్టాను. "ఒళ్ళు కొవ్వెక్కిందా? ఫోను పడేసి పుస్తకం తియ్యి" అని రాశాను. వెంటనే ఫోను మోగింది. అవతల పెద్దావిడ గొంతు.

"ఏమే కౌముదీ, పెద్దా చిన్నా లేదా? నేను ఆరాధన నాయనమ్మని, సామ్రాజ్యాన్ని!"

"నేనూ కౌముదిని కాదండీ, దాని అమ్మమ్మని."

 ఇక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆరాధన కూడా ఫోను ఆవిడకిచ్చి ఖమ్మంలో హాస్టల్లో చేరిందట. నువ్వు ఏడిపిస్తావని చెప్పొద్దందట! నువ్వు నిద్రపోవడం లేదని ఆవిడ బెంగ. నిన్ను పడుకోబెట్టాలని ఆవిడ, ఆరాధనని పడుకోబెట్టాలని నేను, ఇన్నాళ్ళూ ఒకరికొకరం కాపలా కాశాం.

నిన్న ఆటో ఎక్కి ఆవిడ దగ్గరికి వచ్చాను. గోంగూరతో భోంచేసి, రెండు ఫోన్లూ ఆపేసి, చాప మీద పడ్డాం. సాయంత్రం మమ్మల్ని లేపడానికి వాళ్ళ కోడలు మొహాన నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

మీరిద్దరూ బాగా చదువుకోండి.

ఆశీస్సులతో, అమ్మమ్మ

తా.క.: లేచాక సామ్రాజ్యం, "ఇంత హాయిగా నిద్రపోయాం, ఒక ఫొటో దిగుదాం వదినగారూ" అంది. రెండు ఫోన్లూ ఆన్ చేశాం. ఎవరి ఫోన్లో బాగా పడ్డామో తేలేసరికి తిరువూరు వెళ్ళే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.